మొగదైతే ఫికరుండదు

మగదా, ఆడదా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్నటికి మొన్న మా బడిలో కొత్తగా చేరిన టీచరమ్మ కుక్కపిల్లను తెచ్చుకుంటానని, ఏదైతే మంచిదో చెప్పమని నన్ను పట్టుకుంది. మీ ఇంట్లో ఉండేదట కదా మేడం అంది. "మీ ఇష్టం, నన్ను మాత్రం అడక్కండి" అని చాక్‌పీసుల డబ్బా తీసుకుని క్లాసులోకి వెళ్ళిపోయాను. ఆమె మొహం చిన్నబోయింది. పాపం, ఆమె తప్పేముంది? ఎవరో ఆమెకు నా సంగతి సగమే చెప్పి ఉంటారు.

గోదావరిఖనిలో మా వాడకట్టున అసలు అది ప్రశ్నే కాదు. కుక్క పిల్లలు పెట్టిందంటే అవి కళ్ళు తెరవకముందే మగవాటికి గిరాకీ. తెల్లకాళ్ళది మాది, చెవి మీద మచ్చున్నది మాది అని ముందే చెప్పిపెట్టుకుంటారు. ఆడవి మిగిలిపోతాయి. మోరీ పక్కన, పాత టైర్ల సందున పడుకుని, ఎవరైనా అన్నం పారబోస్తే తిని, లేకపోతే పస్తుండి, వానకు కొన్ని, లారీల కింద కొన్ని పోతాయి. బతికినవి పెరిగి మళ్ళీ అక్కడే పిల్లలు పెడతాయి. మా ఇంట్లో నేను ఒక్కదాన్నే సంతానాన్ని, అదీ ఆడపిల్లను. ఇదంతా చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినదాన్ని గనుక, ఆ మిగిలిపోయిన కుక్కల మీద నాకు పక్షపాతం ఉండేది. ఉంటే తప్పేమిటి?

మా బాపు బాయిలో షాట్‌ఫైరర్‌గా పనిచేశాడు. మావైపు బొగ్గుగనిని బాయి అనే అంటారు. బొగ్గు పొరకు రంధ్రాలు వేయించి, వాటిలో మందు కూరి పేల్చడం ఆయన పని. ఆ పని ఒక చెవిని పూర్తిగా, రెండో చెవిని సగం తినేసింది. చేతుల నిండా బొగ్గు దిగిన నీలి మచ్చలు మిగిల్చింది. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఊరి చివర కట్టుకున్న రెండు గదుల ఇంటికి వచ్చేశాం. అప్పటి నుంచి ఆయన గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే. మాట లేదు, నడక లేదు. ఆదివారం చర్చికి రమ్మన్నా "మీరు పోయి రండ్రి" అనేవాడు. డ్యూటీ బస్సు సందు చివర ఆగితే మాత్రం తలెత్తి, ఎవరెవరు ఎక్కుతున్నారో చూసేవాడు. కూర్చున్నచోటే మనిషి తరిగిపోతున్నాడని అమ్మకు భయం పట్టుకుంది. ఆయనను కుర్చీలోంచి లేపే ప్రాణి ఏదైనా ఇంట్లో ఉండాలని, కుక్కను పెంచుదామని మొదట అన్నది ఆమే.

వెనక సందులో ఉండే అక్క ఇంట్లో కుక్క పిల్లలు పెట్టి ఉంది. మేం వెళ్ళేసరికి రెండే మిగిలాయి. ఒకటి నల్లటి ఆడది, ఒకటి గోధుమరంగు మగది. మగదాన్ని అడిగిపెట్టుకున్నవాళ్ళు బసంత్‌నగర్ నుంచి రాలేదట, అందుకని అది ఉంది. ఆడది వచ్చి నా చెప్పు వాసన చూసి, నా పాదం మీద గడ్డం పెట్టుకుని పడుకుంది. నాకు అంతే చాలు, మనసు దాని మీద పడిపోయింది.

"ఇదే తీస్కపోదమమ్మా" అన్నాను.

మాతో వచ్చిన పక్కింటి కాక బాపుతో పాటు బాయిపని చేసినవాడే. ఆయన ఊరుకోలేదు. "ఇంట్ల ఇద్దరు ఆడోళ్ళు ఉండనే ఉన్నరు గదనే అన్నా. కుక్కనన్న మొగదాన్ని తెచ్చుకోరాదు" అన్నాడు. బాపు నవ్వాడు. ఆయన నవ్వి చాలా కాలమైంది గనుక నేను కోపం మింగాను.

"ఆడిదైతే వాకిలి ఇడిచి పోదు కాకా. పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చేపిద్దం" అన్నాను.

"కుక్కకు ఆపరేషనా!" అని అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అమ్మ నవ్వలేదు. ఆడదాని వైపు అసలు చూడనే లేదు.

"నాతోటి కాదు బిడ్డా," అంది. "క్వార్టర్ల ఉన్నప్పుడు మనకొక ఆడికుక్క ఉండె. నువ్వప్పుడు చిన్నదానివి. చిత్తకార్తె అచ్చిందంటే కుక్కలన్ని మన గేటుకాడనే. ఒక ఈత పిల్లలు పెద్దగ కాకముందే ఇంకో ఈత. ఎవ్వలు తీస్కపోకపోతే ఆఖరికి నేనే సంచిల ఏసుకపోయి గోదారి అవుతల ఇడిచిపెట్టి అచ్చిన. సంచి మూతి ఇప్పుతుంటే నా చెయ్యి నాకినయి. మళ్ల ఆ పని నేను చెయ్య. మొగదైతే గా ఫికరుండదు."

అందరిలాగే ఆమె కూడా మగదని ఎగబడుతోందనుకున్నాను. ఆమెది భయం, జాలి. ఆ సంచి సంగతి అన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుందని అప్పుడే తెలిసింది. మగపిల్లను బాపు తువ్వాలలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. నల్లది సందు మలుపు దాకా మా వెంట వచ్చి, అక్కడ ఆగిపోయింది. వానాకాలం దాటకముందే అది లారీ కింద పడిందని అక్క చెప్పింది. మామూలు మాట చెప్పినట్టే చెప్పింది.

మా దానికి పేరు పెట్టలేదు. బాపు "అరేయ్ కొడుకా" అంటే వచ్చేది, అదే దాని పేరైపోయింది. నన్ను బిడ్డా అని పిలిచిన గొంతుతోనే దాన్ని కొడుకా అంటుంటే మొదట్లో నాకు చురుక్కుమనేది. కుక్కతో నీకు పోటీ ఏమిటే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కానీ ఉన్నమాట చెప్పాలి, అమ్మ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అది పొద్దున్నే వచ్చి లుంగీ అంచు పట్టి లాగేది. బాపు కుర్చీలోంచి లేచాడు. మొదట గేటు దాకా, తర్వాత సందు చివరి దాకా, ఆ తర్వాత చాయ్ హోటలు దాకా నడిచాడు. అక్కడ పాత జట్టువాళ్ళతో మాటలు కలిశాయి. ఎవరికి మోకాళ్ళు పోయాయో, ఎవరి కొడుక్కి ఏ షిఫ్టు పడిందో ఇంటికి వచ్చి మాకు చెప్పేవాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు కొత్త చొక్కా తొడుక్కుని చర్చికి వచ్చాడు. కుక్క చర్చి గేటు బయట కూర్చుని, ఆరాధన అయ్యేదాకా కదల్లేదు. అమ్మ ఆ రోజుల్లో వంట చేస్తూ పాటలు పాడుకునేది.

మా ఇంటికి ఎదురుగా ఓపెన్‌కాస్టు మట్టి గుట్ట. దాని అవతల భూమిని పైనుంచే తవ్వి బొగ్గు తీస్తారు, మావాళ్ళు దాన్ని ఓసీ అంటారు. మధ్యాహ్నం పూట సైరన్ మోగుతుంది, కాసేపటికి మందు పేలుతుంది. కాళ్ళ కింద నేల అదురుతుంది, అర మీద గిన్నెలు చప్పుడు చేస్తాయి. మనుషులం అలవాటు పడ్డాం. కుక్కలు మాత్రం ఎన్నేళ్ళైనా అలవాటు పడవు. సైరన్ వినగానే మంచాల కిందికి, మోరీల్లోకి దూరతాయి. వణుకుతాయి, సొంగ కారుస్తాయి, ఆ పూట ముద్ద ముట్టవు. మా దానికి మంచం కింద కంటే మంచి చోటు దొరికింది. సైరన్ మోగగానే బాపు చాప మీద కూర్చునేవాడు. అది వచ్చి ఒళ్ళో దూరేది. దాని రెండు చెవులూ అరచేతులతో మూసి పట్టుకుని, పేలుడు అయ్యాక మెల్లగా తీసి "గంతే, అయిపాయె" అనేవాడు. బతుకంతా మందు పేల్చిన మనిషి ఒక కుక్క చెవులు మూసి కూర్చుంటే నాకు నవ్వొచ్చేది. ఆయన మీద ప్రేమ కూడా ముంచుకొచ్చేది.

మొదటి ఏడు పశువుల దవాఖానకు తీసుకెళ్ళి దానికి సూది వేయించాం. రెండో ఏడు వేయించలేదు. ఇంటి కుక్క, ఇంటి అన్నం తింటుంది, దానికేమవుతుంది అనుకున్నాం. మా సందులో అసలు సూది వేయించినదే మేమొక్కళ్ళం. మొదటిసారికే అందరూ మమ్మల్ని ఎగతాళి చేశారు.

ఆ రెండో ఏడు చిత్తకార్తె ఎప్పటిలాగే కుక్కల కొట్లాటలతో వచ్చింది. మట్టి గుట్ట వైపు నుంచి ఒక ఆడకుక్క దిగింది. దాని వెనక ఎక్కడెక్కడివో మగకుక్కలు. మా కుక్క గొలుసు తెంపుకుని వాటిలో కలిసిపోయింది. అదే ఇంట్లో ఆడకుక్క ఉంటే ఆ రోజుల్లో తలుపు బిగించి, గొళ్ళెం పెట్టి, లోపలే కట్టేసేవాళ్ళం. మగదాని కోసం తలుపు వేసేవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు.

"మొగోడు తిరగకపోతే ఎట్ల? ఆకలైతే అదే అస్తది" అన్నాడు కాక.

అమ్మ కూడా అదే అంది. బాపు మాత్రం కర్ర పట్టుకుని గుట్ట కిందికి వెళ్ళి, కొడుకా కొడుకా అని పిలిచి పిలిచి వచ్చేవాడు. సగం చెవిటి మనిషి, అది ఎక్కడైనా మొరిగినా ఆయనకు వినపడదు. అయినా రోజూ వెళ్ళాడు.

కొన్నాళ్ళకు అదే వచ్చింది. చెవి చీలి ఉంది, మూతి మీద పళ్ళ గాట్లు. బాపు సబ్బుతో కడిగి, పసుపు అద్ది, "ఎవనితోని కొట్లాడినవురా కొడుకా" అని మురిపెంగా తిట్టాడు. అమ్మ గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. సందులోవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. కుస్తీ గెలిచి వచ్చిన పహిల్వాన్‌కు చేసినట్టు చేశాం. గాయాలు మానాయి, మేం మరిచిపోయాం.

క్రిస్మస్ దగ్గర పడ్డాక గని మా వైపుకు జరిగింది. పేలుళ్ళు దగ్గరయ్యాయి. గోడలో సన్నటి పగుళ్ళు కనపడ్డాయి. వాకిట్లో కట్టిన కాగితపు నక్షత్రం పేలినప్పుడల్లా ఊగేది. వాడకట్టంతా అదే మాట. సరిగ్గా ఆ వారమే మా కుక్క మంచం కిందికి దూరి బయటికి రాలేదు. వణికింది. నోరు సగం తెరుచుకుని సొంగ కార్చింది. నీళ్ళ గిన్నె ముందు పెడితే మూతి పెట్టి, మింగలేక వెనక్కి జరిగింది. బడికి సెలవులు గనుక నేను ఇంట్లోనే ఉన్నాను, కళ్ళారా చూశాను. వేరే ఊళ్ళో అయితే ఆ కుక్కను చూసి ఎవరో ఒకరు అనుమానించేవారు. మా దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు. ఆ వారం మా సందులో వణకని కుక్క లేదు మరి.

"పశువుల దవాఖానకు తీస్కపోదమా బాపూ" అని అడిగాను.

ఆయనకు కోపం వచ్చింది. "మందు చప్పుడుకు బెదిరింది. నా బతుకంత మందుతోనే పాయె, నాకు తెల్వదా? పేలుడు దగ్గరికచ్చింది, గందుకే గిట్ల చేస్తంది. జర ఓపిక పడితే అదే తేరుకుంటది."

ఆ మాట అన్నది షాట్‌ఫైరర్. మందు సంగతిలో ఆయనను కాదనేవాళ్ళు మా ఊళ్ళో ఎవరు? కాక కూడా వంగి మంచం కిందికి చూసి, "అన్న చెప్పింది నిజమే, మా దాని గతి గూడ గిదే" అన్నాడు. వాళ్ళది ఆ పూటే బయటికి వచ్చి అన్నం తిన్నది. మాది రాలేదు. బాపు దాన్ని బయటికి లాగి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. సైరన్ మోగినా మోగకపోయినా దాని చెవులు మూసి పట్టుకుని కూర్చున్నాడు. గంజిలో వేలు ముంచి నోట్లో పెట్టాడు. పళ్ళు వేళ్ళకు గీసుకుంటే గీసుకున్నాయి, ఆయన పట్టించుకోలేదు. చలికి అప్పటికే ఆయన వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి. అది కరవలేదు. ఎవరి మీదా మొరగను కూడా లేదు. ఏదీ మింగలేని ఆ నోటితో ఆయన చేతుల్ని నాకింది.

పండుగ రాకముందే అది బాపు ఒళ్ళోనే పోయింది. మందు చప్పుడుకు గుండె పగిలిందన్నారు అందరూ. వాళ్ళన్నదాన్నే మేమూ నమ్మాం. పెరట్లో గొయ్యి తీసి పూడ్చాం. ఆ ఏడు మా ఇంట్లో పిండివంటలు చేయలేదు. కుక్క కోసం పండుగ మానుకుంటారా అని చర్చిలో ఒకామె అంటే అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. బాపు మళ్ళీ గోడ పక్కన కుర్చీ వేసుకున్నాడు.

ఎండలు ముదరకముందు ఆయన కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందన్నాడు. వేళ్ళ నుంచి పైకి చీమలు పాకినట్టుందన్నాడు. పాత బాయిపని, నరాలు దెబ్బతిన్నాయని అమ్మ నూనె రాసి పిసికింది. తర్వాత జ్వరం వచ్చింది. తర్వాత ఒక పొద్దున అమ్మ చాయ్ ఇస్తే గ్లాసు నోటి దాకా తెచ్చాడు. గొంతు బిగుసుకుపోయి, కళ్ళు తేలేసి, గ్లాసు విసిరేశాడు. ఫ్యాను బంద్ చేయమన్నాడు, గాలి తగిలితే ఊపిరి ఆడటం లేదన్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరు చిన్నవాడు. గ్లాసులో నీళ్ళు తెప్పించి బాపు ముందు పెట్టాడు. నీళ్ళు చూసి బాపు మొహం ఎలా మారిందో చూసి, మా వైపు తిరిగాడు.

"ఈయనను కుక్క ఏమన్నా కరిచిందా?"

"లేదు సార్," అంది అమ్మ. "మాదే ఒక కుక్కుండె. మంచిది. ఎవ్వల్ని కరవలె. అది గూడ సచ్చిపాయె."

"ఎట్ల చచ్చిపోయింది?"

"ఓసీల పేలుడు చప్పుడుకు సార్. నీళ్ళు సుత తాగలె పాపం."

డాక్టరు గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత నన్నొక్కదాన్ని బయటికి పిలిచి, అది పిచ్చికుక్క రోగమని, కరవకపోయినా పగిలిన చర్మం మీద సొంగ పడితే వస్తుందని, ఒకసారి బయటపడ్డాక బతికించే వైద్యం లేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా మొహం వైపు చూడలేదు.

హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు పంపించారు. అక్కడ ఆయనను ఒక్కడినే, ఫ్యాను లేని, వెలుతురు తక్కువ ఉన్న గదిలో పెట్టారు. ఆ రోగంలో అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, మధ్యమధ్యలో మనిషికి పూర్తి తెలివి ఉంటుంది. బాపుకు అంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడో తెలియదు. అమ్మ ఆయన నోటి నుంచి కారుతున్న సొంగను కొంగుతో తుడవబోయింది. అంతకుముందు ఎన్నిసార్లు తుడిచిందో. ఈసారి ఆయన ఒక్కసారిగా గోడ వైపు జరిగాడు.

"దూరం పో!" అని అరిచాడు. "రాకుర్రి! ఎవ్వలు దగ్గరికి రాకుర్రి!"

బాయిలో మందు పేల్చేముందు షాట్‌ఫైరర్ కేక వేస్తాడు. జట్టునంతా దూరం పంపి, ఎవరూ మిగల్లేదని చూసుకున్నాకే పేలుస్తాడు. ఆ కేక గురించి కాక చెబితే విన్నాను తప్ప నేనెన్నడూ వినలేదు. ఆ రోజు విన్నాను. అన్నేళ్ళ కాపురంలో ఆయన అమ్మ మీద గొంతెత్తింది లేదు. రెండు చేతులూ నడుము కింద పెట్టుకుని, మాకు తగలకుండా వాటి మీదే పడుకున్నాడు. అమ్మ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మర్నాడు ఆయన పోయాడు. దగ్గరి నుంచి చూసుకునే వీలు లేకుండా చుట్టి ఇచ్చారు. పెట్టె మూత తీయకుండానే సమాధి చేశాం.

మా వాడకట్టు బెదిరిపోయింది. చావుకు వచ్చినవాళ్ళు మా ఇంట్లో నీళ్ళు ముట్టలేదు. కుక్కలను పట్టుకుపోవాలని ఎవరో పట్టుబట్టారు, వల పట్టుకుని మనుషులొచ్చారు. మగకుక్కలు గుట్ట మీదికి పారిపోయాయి. పిల్లలకు పాలిస్తున్న ఆడవి పారిపోలేక దొరికిపోయాయి. కిటికీలోంచి చూస్తూ అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

కుక్కను ముట్టుకున్నాం, బాపు సొంగ తుడిచాం గనుక మా ఇద్దరికీ సూదులు తప్పవన్నారు. అమ్మ రానంది.

"నాకద్దు. మొగదే కావాలన్నది నేను. నల్లదాన్ని తెచ్చుకుంటే మీ బాపు ఉండేటోడు."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. సమాధి మట్టి ఇంకా ఆరలేదు, అమ్మ మీద సందంతా వినపడేలా అరిచాను. "బాపు నిన్ను దూరం పొమ్మని ఎందుకు మొత్తుకున్నడు? సచ్చేటప్పుడు గంత గొంతు చించుకున్నది దేనికి? నువ్వు బతకాలెననే గద! నడువు!" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు.

సూది దిగుతుంటే ఆమె నా వైపు తిరిగి, "ఆడిదైతే బతికేటోడా బిడ్డా?" అని అడిగింది.

"లేదమ్మా. అది గూడ బయటికి పోయేది. దాన్ని గూడ ఏదో ఒకటి కరిసేది" అన్నాను. నిజమేమో. ఆడదాన్ని కట్టేసి ఉంచేవాళ్ళం కదా, అబద్ధమేమో. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. అయినా ఏమాత్రం తడుముకోకుండా చెప్పాను. తర్వాతి సూదికి మళ్ళీ అడిగింది, మళ్ళీ లేదన్నాను. ఆ తర్వాత కూడా అంతే.

చివరి సూది రోజు అడగలేదు. ఆ మాట ఆమె మనసులోంచి పోయిందని సంతోషపడ్డాను. ఇంటికి తిరిగి వస్తుంటే ఆటోలో, మట్టి గుట్ట వైపు చూస్తూ, "నువ్వు ఒక్కపారన్న అవునంటవేమోనని సూసిన బిడ్డా" అంది.

నేను ఇప్పటికీ అనలేదు.